ద్రాక్ష పండుగ ఫోటోల్లో కనబడని చేతులు

రోమ్ నగరానికి ఆగ్నేయాన, అల్బన్ కొండల వాలులో మరీనో అనే చిన్న పట్టణం ఉంది. ఏటా అక్టోబరు మొదటి ఆదివారం అక్కడ ద్రాక్ష పండుగ జరుగుతుంది. 1925లో మొదలైన ఆ ఉత్సవానికి నూరేళ్లు నిండాయి. ఆ రోజు పట్టణమంతా పదహారో శతాబ్దపు వేషం కడుతుంది. బాల్కనీలకు ద్రాక్ష గుత్తులు వేలాడతాయి. వీధి పొడవునా బల్లలు వేసి, పంది మాంసాన్ని సుగంధ దినుసులతో కాల్చి చేసే పోర్కెత్తాను రొట్టెల మధ్య పెట్టి అమ్ముతారు. ఊరేగింపు ముగిశాక పట్టణం నడిబొడ్డున ఉన్న ఫౌంటెన్ నుంచి నీటికి బదులు వైన్ పారుతుంది. జనం ప్లాస్టిక్ గ్లాసులు చాచి ఎగబడతారు. కెమెరాలు పట్టుకున్నవారు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. చాచిన చేతులు, తడిసిన చొక్కాలు, నవ్వే ముసలివాళ్లు, తండ్రుల భుజాలెక్కిన పిల్లలు. స్ట్రీట్ ఫోటోగ్రఫీకి ఇంతకన్నా సమృద్ధమైన స్థలం దొరకడం కష్టం.

ఆ ఫౌంటెన్ పేరు 'నలుగురు మూర్ల ఫౌంటెన్'. పదిహేడో శతాబ్దంలో కట్టారు. మధ్యలో ఒక స్తంభం, దానికి గొలుసులతో కట్టేసిన ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు. 1571 అక్టోబరు 7న లెపాంతో సముద్రయుద్ధంలో ఒట్టోమన్ నౌకాదళంపై క్రైస్తవ కూటమి సాధించిన విజయానికి అది స్మారకం. ఆ యుద్ధంలో పోపు నౌకాదళానికి నాయకత్వం వహించిన మార్కాంతోనియో కొలోన్నా ఈ మరీనోకు ప్రభువు. పండుగనాటి ఊరేగింపు ఆయన విజయోత్సవ ప్రవేశానికి పునరభినయమే. రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో దెబ్బతిన్న ఆ ఫౌంటెన్‌ను తిరిగి నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ఏటా వేలమంది తమ గ్లాసులు నింపుకునేది ఆ గొలుసుల కిందనే. గొలుసులు ప్రతి ఫోటోలోనూ ఉంటాయి. వాటిని చూసేవారే అరుదు.

ఇది మరీనో ప్రజల మీద నేరారోపణ కాదు. తాము పుట్టి పెరిగిన వీధిలోని శిల్పాన్ని నిత్యం ప్రశ్నిస్తూ బతకడం ఏ ఊరివారికీ సాధ్యం కాదు. ప్రశ్న పడవలసింది చూపును వృత్తిగానో, వ్యసనంగానో ఎంచుకున్న ఛాయాగ్రాహకుల మీద. వారి చిత్రాలకు 'సంప్రదాయం' అని శీర్షిక పెట్టి ప్రచురించే పత్రికల మీద. ఆ చిత్రాలను పెట్టుబడిగా మార్చుకునే ప్రభుత్వాల మీద. ఆహారోత్సవపు ఫోటోలో ఏది కనబడుతున్నది, ఏది కనబడడం లేదు అన్నది ఇవాళ ఇటలీలో సౌందర్యశాస్త్ర చర్చగా మిగిలిపోలేదు. అది కూలి, చట్టం, పౌరసత్వాలకు సంబంధించిన రాజకీయ ప్రశ్న. అందులో భారతదేశానికీ నేరుగా వాటా ఉంది.

ఇటలీలో ఇలాంటి ఊరి పండుగను 'సాగ్రా' అంటారు. 'పవిత్రం' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన పదమిది. ఒకప్పుడు చర్చి ప్రతిష్ఠకు గుర్తుగా, ఊరిని కాచే పునీతుని పేరిట జరిగిన జాతర కాలక్రమంలో ఊరి పంటకో, వంటకో అంకితమైంది. లిగూరియా తీరంలోని కమోలీలో మే నెలలో భారీ పెనంలో చేపలు వేయించి జనానికి పంచుతారు. మరీనో పక్కనే ఉన్న అరిచ్చాలో పోర్కెత్తాకే ఒక పండుగ ఉంది. చాలాచోట్ల ఈ ఏర్పాట్లను స్థానిక స్వచ్ఛంద సంఘాలే చూసుకుంటాయి. వంట చేసే అమ్మమ్మలు, వడ్డించే కుర్రాళ్లు, టికెట్లు చింపే రిటైరైన మాస్టార్లు అందరూ ఆ ఊరివారే. ఆ ఆత్మీయత నకిలీది కాదు. కెమెరాను ఆకర్షించేదీ అదే.

అయితే పంటను, పండుగను, ఫోటోను కలిపి ముడివేసిన రాజకీయం కూడా ఇటలీకి కొత్త కాదు. ముస్సోలినీ ప్రభుత్వం 1925లో 'గోధుమ సమరం' ప్రకటించింది. 1930లో దేశవ్యాప్తంగా ద్రాక్ష పండుగను అధికారికంగా మొదలుపెట్టింది. రోమ్‌కు దక్షిణాన ఉన్న పొంతీనా చిత్తడి నేలలను ఎండగట్టి, ఉత్తరాది నుంచి వేలాది పేద కుటుంబాలను తెచ్చి అక్కడ స్థిరపరిచింది. 1932 డిసెంబరులో లిత్తోరియా అనే కొత్త పట్టణాన్ని ప్రారంభించింది. ఆ పొలాల్లో చొక్కా విప్పి గోధుమ నూర్చుతున్న ముస్సోలినీ చిత్రాలు ప్రభుత్వ చిత్ర సంస్థ ద్వారా దేశమంతా తిరిగాయి. నూర్చినవాడు నియంత. నీరు తోడి, మలేరియాతో వణికి, నేలను సాగులోకి తెచ్చిన కూలీలు ఆ చిత్రానికి నేపథ్యం. ఆహారపు బొమ్మలో ఎవరు ముందు నిలబడాలో, ఎవరు వెనక ఉండాలో నిర్ణయించేది అధికారమని ఆ తరం ఇటాలియన్లకు తెలుసు.

ఫాసిజం పోయాక లిత్తోరియా పేరు లతీనాగా మారింది. ఆ మైదానం నేడు ఇటలీ కూరగాయల తోటల్లో ముఖ్యమైనది. సొరజాతి కూరలు, పుచ్చకాయలు, టమాటాలు, కివీ పండ్లు అక్కడి నుంచి దేశంలోని మార్కెట్లకు, ఐరోపా సూపర్ మార్కెట్లకు చేరతాయి. వాటిని నాటేదీ, కోసేదీ, పెట్టెల్లో సర్దేదీ పెద్దసంఖ్యలో పంజాబు నుంచి వెళ్లిన కూలీలు. మరీనో ఫౌంటెన్ నుంచి లతీనా పొలాలకు సరళరేఖలో సుమారు నలభై కిలోమీటర్లు. మరీనో ద్రాక్షను కోసింది ఆ కూలీలేనని ఇక్కడ చెప్పడం లేదు. కానీ 'ఇటలీ భోజనం' అనే విశాలమైన చిత్రం వారి చేతులు లేకుండా పూర్తికాదు. ఆ చిత్రంలో వారి చేతులకు చోటు లేదు.

ఉత్తరాన పో నదీ లోయలోనూ కథ అదే. ప్రపంచమంతా వెలకట్టి కొనే పార్మిజానో, గ్రానా పదానో జున్నులకు పాలిచ్చే ఆవుల కొట్టాల్లో మూడు దశాబ్దాలకు పైగా పంజాబీలు పనిచేస్తున్నారు. తెల్లవారకముందే పాలు పితకడం, పేడ ఎత్తడం, సెలవు రోజైనా కొట్టం వదలలేకపోవడం స్థానిక యువత వద్దనుకున్న పని. జున్ను పండుగలో చక్రంలాంటి ఆ ముద్దను సుత్తితో తట్టి నాణ్యత చెప్పే నిపుణుని చిత్రం ప్రతి పత్రికకూ కావాలి. పాలు పితికిన మనిషి చిత్రం అడిగే సంపాదకులు తక్కువ.

ఈ అదృశ్యతకు ఎంత మూల్యం ఉంటుందో 2024 జూన్ చెప్పింది. ఆ నెల 13 నుంచి 15 వరకు ఇటలీలోని పులియా ప్రాంతంలో జీ7 శిఖరాగ్ర సదస్సు జరిగింది. అతిథిగా భారత ప్రధాని నరేంద్ర మోదీ వెళ్లారు. ఇటలీ ప్రధాని జార్జా మెలోనీ ఆయనతో కలిసి నవ్వుతూ తీసుకున్న సెల్ఫీ వీడియో సామాజిక మాధ్యమాల్లో క్షణాల్లో ప్రపంచాన్ని చుట్టింది. ఇద్దరి పేర్లనూ కలిపి కుట్టిన మాట భారతీయ టీవీ ఛానళ్లకు రోజుల తరబడి వినోదమైంది. అది జరిగిన రెండు మూడు రోజులకే, జూన్ 17న, లతీనా సమీపంలోని ఒక పొలంలో యంత్రంలో చిక్కుకుని 31 ఏళ్ల పంజాబీ కూలీ చేయి తెగిపోయింది. అతనికి అనుమతి పత్రాలు లేవు. అంబులెన్సును పిలవకుండా అతన్ని వ్యానులో తీసుకెళ్లి ఇంటి ముందు దించేశారు. తెగిన చేతిని పండ్లు సర్దే పెట్టెలో ఉంచి వెళ్లారు. రెండు రోజుల తర్వాత రోమ్ ఆసుపత్రిలో అతను మరణించాడు.

ఇటలీ కదిలింది. మెలోనీ ఆ ఘటనను అమానుషమని ఖండించారు. జూలైలో యజమాని అరెస్టయ్యాడు. కార్మిక సంఘాలు లతీనాలో ప్రదర్శనలు చేశాయి. కానీ ఆ నెలలో భారతీయులు చూసిన ఇటలీ చిత్రం ఏదని అడిగితే, అత్యధికుల జవాబు సెల్ఫీయే అవుతుంది. రెండు దేశాలూ 2023 నవంబరులో వలసలు, రాకపోకల భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒప్పందం పేరుతో ఎవరి చేతులు ఎవరి పొలాల్లోకి వెళ్తాయో, వెళ్లినవారికి జరగరానిది జరిగితే ఎవరు జవాబు చెబుతారో అడగడానికి ఆ జూన్ కన్నా తగిన సమయం లేదు. ఆ ప్రశ్న అడిగిన వేదికలు వేళ్ల మీద లెక్కించేన్ని మాత్రమే.

ఆ కూలీలు అంతకుముందు మౌనంగా ఉన్నారనుకోవడం కూడా పొరపాటు. 2016 ఏప్రిల్ 18న వేలాది పంజాబీ కూలీలు పనిమాని లతీనా నడివీధి కూడలిలో బైఠాయించారు. పొలం కూలీలను కూడగట్టి, తరలించి, వారి కూలిలో కోత కోసుకునే దళారీని ఇటలీలో 'కపొరాలె' అంటారు. పాలమూరు వలస కూలీల చరిత్ర తెలిసినవారికి ఆ పాత్రను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు. వారి గుంపు మేస్త్రీకి అతను ఇటలీ రూపం. ఆ సమ్మె జరిగిన ఏడాదే, అక్టోబరులో, ఇటలీ పార్లమెంటు 199వ నంబరు చట్టం చేసింది. దళారీతో పాటు, కూలీల నిస్సహాయతను వాడుకునే యజమానినీ నేరస్థుణ్ని చేసిన చట్టమది. కూడలిలో తలపాగాలతో కూర్చున్న ఆ జనసమూహపు చిత్రాలు ఆ మార్పులో తమ వంతు పని చేశాయి. కనబడడానికి ఉన్న శక్తి అది. చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు కూడా ఒక మనిషి చేయి పండ్ల పెట్టెలోకి చేరిందంటే, ఆ కనబడడం ఒక్కరోజు ముచ్చటగా ముగిసిందని అర్థం.

గల్ఫ్ దేశాలకు కొడుకులను పంపిన జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు ఇందులో కొత్తేమీ లేదు. ఏజెంటుకు కట్టేందుకు పొలం తాకట్టు, చేరాక చెప్పిన పనికీ దొరికిన పనికీ పొంతన లేకపోవడం, పత్రాలు చెల్లని రోజు నుంచి నోరెత్తలేని బతుకు. పంజాబు నుంచి ఇటలీ దారిలోనూ మజిలీలు ఇవే. సీజనల్ వీసా మీద వెళ్లిన మనిషికి, తనను పిలిచిన యజమాని అక్కడ పని ఇవ్వకపోతే, అతను రాత్రికి రాత్రి 'అక్రమ' వలసదారు అవుతాడు. ఆ తర్వాత గంటకు ఎంత ఇచ్చినా పుచ్చుకోవలసిందే.

ఇక చట్టం సంగతి. ఇటలీ కాపీరైటు చట్టం 1941 నాటిది. దాని 96వ అధికరణం ప్రకారం ఒక వ్యక్తి చిత్రపటాన్ని అతని అనుమతి లేకుండా ప్రదర్శించరాదు. 97వ అధికరణం ఆ నియమానికి మినహాయింపులు ఇస్తుంది. ప్రజాప్రయోజనం ఉన్న, లేదా బహిరంగంగా జరిగే ఘటనలకు, ఉత్సవాలకు సంబంధించిన చిత్రాలకు అనుమతి అక్కర్లేదు. ఆ చిత్రం వ్యక్తి గౌరవానికి, ప్రతిష్ఠకు హాని చేయకూడదన్న హద్దు మాత్రం ఉంటుంది. అంటే సాగ్రాలో కెమెరా పట్టుకున్నవారికి చట్టం చాలా స్వేచ్ఛ ఇచ్చింది. అమ్మమ్మ పిండి పిసుకుతుంటే, తాగిన కుర్రాడు పాడుతుంటే తీయవచ్చు. ఉత్సవానికి వెనక ఉన్న పొలం మాత్రం ప్రైవేటు స్థలం. కొట్టం తలుపు మూసి ఉంటుంది. కెమెరాకు దారి సులువుగా ఉన్నచోట ఫోటోలు పుడతాయి, ఆ ఫోటోలే దేశపు ముఖచిత్రం అవుతాయి. చట్టం ఎవరినీ దాచమని చెప్పలేదు. దాని నిర్మాణమే కొందరిని వెలుగులో, కొందరిని చీకట్లో ఉంచుతుంది.

ఈ వాదనకు రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. స్ట్రీట్ ఫోటోగ్రఫీ ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకునే కళ, దాని మీద సామాజిక పరిశోధన భారం మోపడం అన్యాయం అన్నది మొదటిది. వీధిలో లేని కూలీని ఛాయాగ్రాహకుడు ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ మాటలో సగం నిజం ఉంది. కానీ వీధిలో ఉన్నదాన్నయినా పూర్తిగా చూస్తున్నారా? మరీనో ఫౌంటెన్ మీద గొలుసులు వీధిలోనే ఉన్నాయి. పండుగ ముగిశాక ప్లాస్టిక్ గ్లాసులు ఊడ్చే మనిషి వీధిలోనే ఉంటాడు. తెల్లవారుజామున కూరగాయల పెట్టెలు దించే లారీ, హోటలు వెనక సందులో గిన్నెలు తోమే మనిషి వీధికి దూరమేమీ కాదు. కెమెరా ఎటు తిరిగిందన్నది యాదృచ్ఛికం కాదు, ఎంపిక. 2008లో మరీనోలో గొట్టాలు కలపడంలో పొరపాటు జరిగి ఫౌంటెన్‌కు వెళ్లవలసిన వైన్ కొందరి వంటింటి కుళాయిల్లోకి వచ్చింది. ప్రపంచ పత్రికలన్నీ నవ్వుతూ ఆ వార్త వేశాయి. గొట్టం తప్పినప్పుడే గొట్టం ఉందని గుర్తొస్తుంది. ఆహారం ఏ దారిన వస్తున్నదో తెలియడానికి ఒక మనిషి చావాలా?

రెండో అభ్యంతరం మరింత బరువైనది. పత్రాలు లేని కూలీ ముఖాన్ని ఫోటో తీసి ప్రచురిస్తే అది అతనికి మేలా, కీడా? పోలీసులు గుర్తిస్తే దేశ బహిష్కరణ. మేస్త్రీ గుర్తిస్తే పని పోవడం, కొన్నిసార్లు దెబ్బలు. ఊళ్లో అప్పులిచ్చినవాడు చూస్తే కుటుంబానికి అవమానం. అదృశ్యంగా ఉండడం ఆ కూలీకి శిక్ష మాత్రమే కాదు, రక్షణ కూడా. కాబట్టి 'ముఖాలన్నిటినీ వెలుగులోకి లాగండి' అనడం బాధ్యతారాహిత్యం. అమ్మమ్మ ఫోటోకు అనుమతి అడగకపోతే నష్టం చిన్నది. కూలీ ఫోటోకు అడగకపోతే అతని బతుకే చెదిరిపోవచ్చు. చట్టం ఇద్దరికీ ఒకే కొలత పెట్టినా, మనస్సాక్షి పెట్టకూడదు.

దారి లేకపోలేదు. ఇటలీ ఛాయాగ్రహణ చరిత్రలోనే ఆ దారి ఉంది. 1952లో మానవశాస్త్రవేత్త ఎర్నెస్తో దె మర్తీనో దక్షిణాదిలోని లుకానియా పల్లెలకు వెళ్లినప్పుడు ఛాయాగ్రాహకుడు ఫ్రాంకో పిన్నా వెంట ఉన్నాడు. రోదనలనూ మంత్రతంత్రాలనూ వారు వింతలుగా తీయలేదు. ఆ ఆచారాల వెనక ఉన్న పేదరికం, చావు భయం ఏమిటో తెలుసుకునే పనిలో ఫోటోను భాగం చేశారు. 1965లో ఫెర్దినాందో షాన్నా సిసిలీ మతోత్సవాల చిత్రాలను పుస్తకంగా తెచ్చినప్పుడు దానికి వ్యాసం రాసింది లియొనార్దో షాషా. సిసిలీ అధికార వ్యవస్థను, మాఫియాను నవలల్లో ఎండగట్టిన రచయిత ఆయన. పండుగ బొమ్మ పక్కన నిలదీసే మాట నిలిచింది. ఫోటో చెప్పలేనిదాన్ని శీర్షిక, వ్యాసం చెప్పాయి. ముఖం చూపలేని చోట చేయి చూపవచ్చు, పెట్టె చూపవచ్చు, తెల్లవారుజామున పొలాలకు సైకిళ్ల మీద వెళ్లే వరుసను దూరం నుంచి చూపవచ్చు. కనీసం 'శతాబ్దాల సంప్రదాయం' అన్న బద్ధకపు శీర్షికను మానవచ్చు.

కూలీలే ఆతిథేయులైన వీధి కూడా ఇటలీలో ఉంది. జున్ను సీమలోని నొవెల్లారా పట్టణంలో 2000 సంవత్సరంలో పెద్ద గురుద్వారా ప్రారంభమైంది. అప్పటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోది ఆ వేడుకకు వచ్చారు. వైశాఖి వేళ అక్కడ నగర కీర్తన సాగుతుంది. వీధి ఊడ్చి, నీళ్లు చల్లి, వచ్చినవారందరికీ ఉచితంగా భోజనం పెడతారు. పాలు పితికే చేతులే ఆ రోజు ఊరికి అన్నం వడ్డిస్తాయి. దాన్ని 'రంగురంగుల తూర్పు' అని తీసుకుపోయే కెమెరాలకు కొదవ లేదు. అయినా అక్కడ ఫోటోకు నిలబడేవారు భయంతో నిలబడరు. అదీ ఆహారోత్సవమే; తోవిప్పించుకున్నది కాదు, స్వయంగా నిలబెట్టుకున్నది.

మెలోనీ ప్రభుత్వం 2022లో వ్యవసాయ మంత్రిత్వశాఖ పేరుకు 'ఆహార సార్వభౌమత్వం' అన్న మాట చేర్చింది. 2025 డిసెంబరు 10న ఇటలీ వంట సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయం వెలువడింది ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన సమావేశంలో. అదే సమావేశం దీపావళినీ జాబితాకెక్కించింది. రెండు దేశాల నేతలూ గర్వించారు. గర్వించదగిన సందర్భమే. అయితే ఏ వారసత్వానికైనా దాన్ని నిలబెడుతున్న చేతులు ఉంటాయి. ఇటలీ వంటకు కూరలు కోసి, పాలు పితికే చేతుల్లో వేలాది జతలు భారతీయులవి. ఎర్రకోట వేదిక మీద ఆ మాట అనడానికి భారత ప్రభుత్వానికి అంతకన్నా మంచి అవకాశం ఎప్పుడు వస్తుంది? వలస ఒప్పందంలో కూలీ భద్రతకు, ఏజెంట్ల దోపిడీకి, యజమాని మారే హక్కుకు ఎంత చోటిచ్చారో పార్లమెంటుకు వివరించమని ప్రతిపక్షం గట్టిగా అడగడానికీ అడ్డేమీ లేదు.

అక్టోబరు మొదటి ఆదివారం మళ్లీ వస్తుంది. మరీనో ఫౌంటెన్ నుంచి వైన్ మళ్లీ పారుతుంది. గ్లాసులు చాచిన చేతులను తీయడంలో తప్పు లేదు. ఆ నలుగురి గొలుసులు కూడా ఫ్రేములోనే ఉన్నాయని గమనించి, ఆ సాయంత్రం రోమ్‌కు తిరుగుప్రయాణం కట్టే బదులు లతీనా రైలెక్కే ఛాయాగ్రాహకుడు ఒక్కడున్నా, పండుగ చిత్రం కొంతైనా పూర్తవుతుంది. అతను తెచ్చే బొమ్మను ముందు చూడవలసిన దేశం ఇటలీ కాదు, ఆ కూలీలను పంపిన దేశం.